లక్డారం మలుపు దగ్గర తెగని గీత

మొన్న పొద్దున సంగారెడ్డిల పటాన్‌చెరు బస్సెక్కిన. నా ముందు సీట్ల ఒక పిల్ల కూసున్నది. మెడల కంపెనీ కార్డు, ఒళ్ళె టిఫిన్ డబ్బా. అంతకుముందే నేను చూసిన, బస్‌స్టాండు పక్క హోటల్ల ఇడ్లీ తినుకుంట, అక్కడి వైఫై మీద వాళ్ళమ్మతోని వీడియో కాల్ మొదలుపెట్టింది. అదే కాల్ మాట్లాడుకుంట బస్సెక్కింది. బస్సు కదిలింది, వైఫై వెనకబడ్డది, ఫోన్ సిమ్ము మీదికి మారింది. ఊరు దాటినం, టవర్లు మారినయ్. వాళ్ళమ్మ మాత్రం తెర మీద వంకాయలు కోసుకుంట, ఒక్క మాట కూడా మింగకుండ, బిడ్డను తిడుతనే ఉన్నది.

నాకు పట్టరాని సంబురం అయింది. "తెగలేదు! సూడుండ్రి, తెగలేదు!" అని బస్సంత వినేటట్టు అరవాలనిపించింది. అక్కకు చెప్దామని ఫోన్ తీసిన. పేరు కూడా వెతికిన. అప్పుడు యాదికొచ్చింది, అక్క పోయి ఏడాది కావొస్తున్నదని.

అయినా ఏడుపు రాలే, నవ్వే వచ్చింది. ఆమె ఆ బస్సుల ఉంటే ఏం చేసేదో నాకు ఎరుకే కదా. ఆ పిల్ల పక్కకు పోయి కూసోని, "అమ్మాయ్, ఫోన్ అట్లాగే పట్టుకో, పెట్టెయ్యకు," అని, తెర మీది అమ్మకు నమస్కారం పెట్టి, కాల్ తెగకపోవుడు ఎంత పెద్ద సంగతో ఇద్దరికీ పటాన్‌చెరు వచ్చేదాక చెప్పేది. దిగే చోటు దాటిపోయేది కూడా.

అక్క అంటే సొంత అక్క కాదు. నేను చేరిన మొదటి కొలువుల నాకు పని నేర్పిన మనిషి. వాళ్ళ నాయన గోదావరి దిక్కు నుంచి సర్కారు కార్ఖానల ఉద్యోగానికి ఇటొచ్చిండు. ఆమె పుట్టింది, పెరిగింది ఇక్కడి క్వార్టర్లల్లనే. అందుకే ఆమె మాట ఇంట్లె ఒక తీరు, బజార్ల ఒక తీరు ఉండేది. ఖుషీ అయితే రెండూ కలిసిపోయేటివి. "వచ్చాడు చూశావా! గిట్ల రావాలె మరి!" అనేది. వచ్చింది మనిషి కాదు, ప్యాకెట్. మనం ఫోన్ల పంపే మాట గానీ, బొమ్మ గానీ చిన్న చిన్న ముక్కలై పోతది కదా, ఆ ముక్కను ప్యాకెట్ అంటరు. అక్కకు ఆ ముక్కలన్నీ ఎరుకైన పిల్లలే. దారి తప్పితే "ఓరేయ్, ఎక్కడ దిగిపోయావురా" అని తెరను గదమాయించేది.

కుర్చీల కూసోని పని చెయ్యంగ ఆమెను చాన తక్కువ చూసిన. ల్యాప్‌టాప్‌ను చంటిపిల్ల లెక్క ఎడమ చెయ్యి మీద పండుకోబెట్టుకొని, కుడిచేత్తోని టైపు చేసుకుంట, ఆఫీసుల ఆ గోడ నుంచి ఈ గోడ దాక నడిచేది. మేము కింద పెట్టిన డబ్బాలు, బ్యాగులు తన్నుకుంటనే పోయేది. ఏదన్న ప్రోగ్రాం ఆగిపోతే మేమంత మొఖాలు వేలాడేస్తుంటిమి. ఆమె మాత్రం చప్పట్లు కొట్టేది. "దొరికాడు! ఇంతసేపూ దాక్కున్నాడు, ఇప్పుడు బయటపడ్డాడు!" అనేది. తను రాసిన దాంట్ల ఎవరన్న తప్పు పట్టిన్రంటే ఇగ పండుగే. కిందికి ఉరికి, రోడ్డు మీద బుట్టలల్ల అమ్మే జామపండ్లు కొనుక్కొచ్చి, ఉప్పు కారం అద్ది, తప్పు పట్టినోళ్ళకు ముందు పెట్టేది. మా ఆఫీసు కింద పెయింట్ల దుకాణం. ఆ దుకాణపాయనకు కంప్యూటరంటే ఏందో తెల్వదు గానీ, జామపండు చేతికి రాంగనే "ఇయ్యాల మేడం తప్పు చేసినట్టున్నది" అని సంతోషంగ తినేటోడు.

నేను ఇంటర్వ్యూకు పోయిన దినం ఆమె నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలే. "రా అమ్మాయ్, ఒక రౌండ్ వేసొద్దాం," అని తన పాత కారుల కూసోబెట్టింది. నా ఒళ్ళె ఒక డబ్బా, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టింది. తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి ఎగురుకుంట పోతున్నది. అది గుండె గీత, ఈసీజీ. మా సార్, అంటే ఆ కంపెనీ యజమాని, అంబులెన్సులల్ల పెట్టే డబ్బాలు తయారు చేయించేటోడు. పేషెంటు బండిల ఉండంగనే ఈ డబ్బా ఆ గీతను పట్నం దవాఖానల డాక్టరుకు చూపిస్తది. బండి వచ్చేలోపల డాక్టరు అన్నీ తయారు పెట్టుకోవచ్చు. ఆ దినం మాత్రం పేషెంటు ఎవరూ లేరు, ఉత్తుత్తి గీత.

పటాన్‌చెరు దాటినం. గీత బాగనే ఎగురుతున్నది. లక్డారం మలుపు తిరిగినం. గీత ఆగింది. కాసేపటికి మళ్ళ మొదలైంది గానీ నడుమల ఖాళీ.

అక్క కారు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద చప్పట్లు కొట్టింది. "ఇక్కడే! ప్రతిసారీ ఇక్కడే! ఎందుకో చెప్పు?"

"టవర్ మారింది కావచ్చు అక్కా," అన్న.

"సగం చెప్పావు. ఉద్యోగం వచ్చేసింది, మిగతా సగం నేను చెప్తా." ఇటు తిరిగి కూసున్నది. "పాత పద్ధతిలో ఫోన్‌కీ అవతలి కంప్యూటర్‌కీ మధ్య కనెక్షన్ అంటే, రెండు ఇళ్ళ మధ్య కట్టిన తాడనుకో. నువ్వు ఇల్లు మారితే తాడు తెగినట్టే. మళ్ళీ మొదట్నుంచీ కట్టుకోవాలి. మన డబ్బాలో రెండు సిమ్ములున్నాయి, సిగ్నల్ తగ్గి ఒకదాని నుంచి ఇంకోదానికి మారితే ఇల్లు మారినట్టే. కొత్త పద్ధతి ఒకటుంది, క్విక్ అంటారు. అందులో నీ చేతికి ఒక గుర్తు ఇస్తారు. నువ్వు ఇంద్రేశంలో ఉన్నా, అమీన్‌పూర్‌లో ఉన్నా, ఆ గుర్తు చూపిస్తే చాలు. 'ఓహో, నువ్వేనా, ఆగిన చోట నుంచి చెప్పు' అంటాడు అవతలివాడు."

"మన డబ్బాల ఆ కొత్త పద్ధతి లేదా?"

"ఉంది! ఉండి కూడా తెగుతోంది! అదే కదా మజా!"

దవాఖానకు పోయే మనిషి గీత తెగితే దాంట్ల మజా ఏందో నాకు అప్పుడు సమజ్ కాలే. తర్వాత అయింది. ఆమెకు భయం లేక కాదు. కారణం దొరుకుతదని గట్టి నమ్మకం ఉండె, అందుకే ఆ హుషారు.

మేము వాడే క్విక్ కోడు మేము రాసింది కాదు. ఏయే దేశాలోళ్ళో కలిసి రాసి, అందరికీ తెరిచి పెట్టిన్రు. ఎవరన్న చదవొచ్చు, వాడుకోవచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. అక్క దాన్ని మొదటి నుంచి చదివింది. నడుచుకుంటనే చదివింది. ఒక పొద్దు గోడ దగ్గర ఆగిపోయి, "తొందరపడుతున్నాడమ్మాయ్!" అని అరిచింది. డబ్బా ఒక సిమ్ము ఇడిచి ఇంకోటి పట్టంగనే ఈ కోడు ఆ కొత్త దారిని "ఉన్నావా?" అని అడుగుతది. లక్డారం మలుపుల సిగ్నల్ తక్కువ, జవాబు ఆలస్యంగ వస్తది. అప్పటిదాక ఆగకుండ, పాత దారిని కూడా ఇడిచిపెట్టి, మొత్తం కనెక్షనే బంద్ చేస్తున్నది. అక్క దాన్ని మార్చింది. కొత్త దారి జవాబిచ్చేదాక పాత దారిని ఇడవొద్దు, ఓపికగ మళ్ళ అడగాలె. చెప్తే గింతే, రాయడానికి చాన కష్టమైంది.

మళ్ళ లక్డారం పోయినం, ఈసారి అసలు అంబులెన్సుల. డ్రైవర్ ఖాజా భాయ్‌ది జహీరాబాద్. "మేడం, రోడ్డు బాగు చేస్తరేమో అనుకున్న, మీరు గీత బాగు చేస్తున్నరా," అన్నడు. మలుపు తిరిగినం. గీత ఆగలే. అటు తిరిగినం, ఇటు తిరిగినం, జల్దీ పోయినం, నిదానంగ పోయినం, ఆగలే. మలుపు దాటినంక అక్క బండి ఆపించి, దిగి, రోడ్డు పక్కన కందిచేను గట్టు మీద నిలబడి రెండు చేతులు పైకెత్తింది. చేన్ల పని చేసేటోళ్ళు ఏదన్న ఓట్ల ప్రచారం అనుకోని చేతులూపిన్రు.

ఆ వారమే ఆమె మా దుకాణానికొచ్చింది. మా నాయనది సంగారెడ్డి బజార్ల పప్పుల కొట్టు. కందిపప్పు తూయించుకుంట, చేసిన పనంత నాయనకు చెప్పింది. దాన్ని మళ్ళ అందరికీ పంపిస్తున్నమని కూడా చెప్పింది.

"ఇంత కష్టపడి పుక్కట్ల ఇస్తరా అమ్మా?" అన్నడు నాయన. ఆయన మొఖంల నిజమైన బాధ ఉండె.

"ఊరికే ఇస్తే ఊరికే ఉండరు బాబాయ్ గారూ. తీసుకున్నవాళ్ళు చదువుతారు, తప్పులుంటే చెప్తారు."

నాయన తక్కెట్ల పప్పు పోస్తున్నోడు ఆగిండు. "అంటే గిరాకీ మన పప్పుల రాళ్ళేరి మనకే తెచ్చిస్తడా?"

"అంతే!" అని అక్క ఎగిరినంత పని చేసింది. "నాలుగు మాటల్లో చెప్పేశారు!"

"మంచి గిరాకీలమ్మా మీకు," అని నాయన నవ్విండు. "మాకు దొరకరు అసుమంటోళ్ళు."

మా సార్ మాత్రం నవ్వలే. ఆ మార్పును బయటికి పంపుతమనంగనే తన గదిలకు పిలిచిండు. నేను కూడా పోయిన.

"ఏందమ్మా గిది? లక్డారంల తెగకుండ నడిచే డబ్బా మన ఒక్కల దగ్గరనే ఉన్నది. ఇప్పుడు బయట పెడితే రేపు అందరూ పెట్టుకుంటరు. మనకేం మిగుల్తది?"

"మనం వాడేదే వాళ్ళిచ్చింది కదండీ," అన్నది అక్క.

"వాళ్ళియ్యని, మనమెందుకియ్యాలె?"

అక్క మెల్లగ అన్నది, "సార్, దీన్ని నేనొక్కదాన్నే చూశాను. నేనొక్కదాన్నే చూసిన కోడుని నమ్ముకుని మనిషిని బండెక్కించడం నా వల్ల కాదు."

"ఏందీ, తప్పున్నదా దాంట్ల?"

"ఉండే ఉంటుంది. నాకు కనపడట్లేదు."

సార్‌కు కోపమొచ్చింది. "గట్లైతే బయట పెట్టినంక ఇగ ఆఫీసుకు రాకు," అన్నడు.

"రాను. కానీ బయటివాళ్ళు చూసేదాకా డబ్బాల్లో మాత్రం పెట్టకండి, మీకు దండం పెడతా," అని నిజంగనే దండం పెట్టింది. బయటికొచ్చి ల్యాప్‌టాప్ మూసి, చార్జరు చుట్టుకొని, సంచిల వేసుకున్నది. నేను కూడా నా సంచి తీసిన. ఆమె నాతోని, "నువ్వు ఉండు అమ్మాయ్, నీకు ఇంకా చాలా నేర్చుకునేది ఉంది," అన్నది. మెట్లు దిగుతుంటే సార్ తలుపు తీసిండు. ఆమె దండం పెట్టుడే ఆయనకు భయం పుట్టించిందని తర్వాత నాతోని ఒప్పుకున్నడు. "వాపస్ రా అమ్మా. పెట్టుకో, బయట పెట్టుకో," అన్నడు. మొఖం గంటు పెట్టుకొనే అన్నడు గానీ, అన్నడు.

అక్క ఆ మార్పును ప్రాజెక్టుకు పంపింది. అక్కడ దాన్ని చూసేటోళ్ళల్ల ఒకళ్ళకు సొంత ఫొటో లేదు, చేప బొమ్మ ఉండె. పేరు జాగాల కూడా ఏవో అక్షరాలు, అంకెలు. ఏదో చలిదేశమని మాత్రం తెలుసు, అక్కడ మంచు పడుతున్నదని ఒకపారి రాసిన్రు కాబట్టి. అక్క "చేపగారు" అనేది. చేపగారు తీపి మాటలు రాయరు. కామా తప్పైనా ఇడిచిపెట్టరు. ఒక మాటకు బదులు ఇంకో మాట ఎందుకు వాడినవని అడుగుతరు. అక్క ఆ జవాబులు మాకు చదివి వినిపించేది, ఎవరో బంధువుల పెళ్ళి ముచ్చట్ల లెక్క.

ఒకనాడు మధ్యాహ్నం చేపగారి దగ్గర్నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఫోను రెండు దారుల నడుమ అటూ ఇటూ ఊగుతూ ఉంటే ఏమయితది?

అక్క చదివింది. మళ్ళ చదివింది. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, కుర్చీ గుంజుకొని కూసున్నది. అప్పుడే నాకు తెలిసింది, ఇది చిన్న సంగతి కాదని.

సంగతి ఏందంటే, గుర్తు అంటే ఒక్కటే కాదు, కొన్ని ముందే ఇచ్చి పెడ్తరు, ప్రతి కొత్త దారికి దాంట్లకెల్లి ఒక కొత్త గుర్తు కావాలె. పాత దారిని ఇడిచినప్పుడు దాని గుర్తును వాపస్ ఇచ్చి ఇంకోటి తీసుకోవాలె. మేము పాత దారిని పట్టుకొనే ఉంటున్నం కాబట్టి గుర్తు కూడా వాపస్ ఇస్తలేం. ఒక్కసారి మారితే ఏం కాదు. మళ్ళ మళ్ళ ఊగితే గుర్తులు అయిపోతయ్. అప్పుడు కనెక్షన్ తెగదు, బిగుసుకపోతది. అవతల డాక్టరు తెర మీద పాత గీత అట్లనే నిలబడి ఉంటది, అంత బాగనే ఉన్నట్టు. సిగ్నల్ తక్కువున్న ఆ మలుపుల బండి ఆగి ఉంటేనే అట్ల ఊగుతది, మేమెన్నడూ అక్కడ ఆపి ఉంచలే. అందుకే మాకు కనపడలే.

"తెగితే కనీసం తెగిందని తెలుస్తుంది," అన్నది అక్క. "నేను... మనిషి పోయినా బతికున్నట్టు కనపడే గీత పెట్టేదాన్ని అమ్మాయ్."

తర్వాత లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొడుతుంటే కండ్లల్ల నీళ్ళు కారుతున్నయ్, తుడుచుకోలే. "దొరికాడు! డబ్బాలోకి ఎక్కకముందే దొరికాడు!" సార్ గదిలకు ఉరికింది. ఏం చెప్పిందో నాకు వినపడలే. సార్ బయటికొచ్చి కుర్చీల కూలబడి మంచినీళ్ళడిగిండు. ఆ దినం బిల్డింగంత జామపండ్లే. పెయింట్ల దుకాణపాయన "గింత పెద్ద తప్పా!" అని నోరు తెరిచిండు.

అక్క, చేపగారు కలిసి దాన్ని సరిచేసిన్రు. మాకు పొద్దైతే వాళ్ళకు రాత్రి. మేం రాసి పోతే తెల్లారేసరికి దిద్ది ఉండేది. ఆఖరుకు ప్రాజెక్టు దాన్ని తీసుకున్నది, మా డబ్బాలల్లకు కూడా ఎక్కింది.

వానలు మొదలైనంక ఒక మధ్యాహ్నం ఖాజా భాయ్ బండి గీత మా తెర మీద వచ్చింది. అసలు గీత. లక్డారం దిక్కు ఒక కంపెనీల పని చేసే ఒడిశా ఆయనకు గుండెనొప్పి. దవాఖాన అప్పటికే చూస్తున్నది. బండి మలుపు దాక వచ్చి ఆగింది. మెయిన్ రోడ్డు మీద కంటైనర్ లారీ అడ్డం తిరిగిందట. ముందుకు లేదు, వెనక్కు లేదు. సరిగ్గ మలుపుల ఇరుక్కపోయిన్రు.

మా తెర కింద ఏ సిమ్ము మీద నడుస్తున్నదో కనపడ్తది. ఒకటోది. రెండోది. ఒకటోది. మళ్ళ రెండోది. అక్క నా మణికట్టు పట్టుకున్నది. "ఊగుతున్నాడు... ఊగుతున్నాడు..."

గీత ఆగలే. సార్ వెనకనుంచి వచ్చి నిలబడ్డడు. కొద్దిసేపటికి గీత రూపు మారింది. మాకు దాన్ని చదవరాదు, ఏదో అయిందని మాత్రం తెలిసింది. డాక్టరుకు చదవొస్తది. అదే డబ్బాల నుంచి ఆయన గొంతు బండిల ఉన్న నర్సుకు మందు పేరు చెప్పింది, ఇప్పుడే ఇయ్యమన్నది. నర్సు "ఇస్తున్న సార్" అన్నది. మాకూ వినపడ్డది, ఒక్క మాట కూడా విరగలే. గీత మెల్లగ మళ్ళ తన తొవ్వకొచ్చింది. లారీ కదిలింది, ఖాజా భాయ్ సైరన్ కొట్టిండు.

తర్వాత సార్ దవాఖానకు ఫోన్ చేసిండు. డాక్టరు, "బండి ట్రాఫిక్‌ల ఆగిందా? మాకేం తెల్వలేదు," అన్నడు. ఆ మాట వినంగనే అక్క సార్ చెయ్యి పట్టుకొని ఊపింది. "తెలియలేదంట సార్! వాళ్ళకసలు తెలియనే లేదంట!" సార్ కూడా ఊపిండు. నేను సూస్తున్ననని యాదికొచ్చి ఇడిచిపెట్టిండు.

ఆ ముచ్చటంత అక్క చేపగారికి రాసింది. ఎప్పుడూ పొడి పొడి మాటలు రాసే చేపగారు ఈసారి ఒక్కటే అడిగిన్రు. ఆ పేషెంటు పేరేంది? ఆయన చెప్పమంటేనే చెప్పండి.

అడుగుదామని ఇద్దరం దవాఖానకు పోయినం. ఆయన వార్డుల దిండుకు ఒరిగి కూసున్నడు, నలభై ఏండ్ల లోపలి మనిషి. అక్క తనకొచ్చిన హిందీల చెప్పింది. దూరదేశంల ఒకరున్నరు, మీ గీత ఆగకుండ నడిచిందంటే సగం వాళ్ళ పుణ్యమే, మీ పేరడుగుతున్నరు, చెప్పనా? ఆయన చాన శ్రద్ధగ విన్నడు. తర్వాత వాళ్ళ పేరేందని తిరిగి అడిగిండు.

"ఉన్‌కా నామ్ క్యా హై, దీదీ?"

ఇన్ని నెలలు కామాల కాడికి కొట్లాడుకున్న మనిషి పేరు అక్కకు తెల్వదు. "ముఝే భీ నహీ మాలూమ్, భయ్యా," అని పక్క మంచాలోళ్ళు తిరిగి సూసేటట్టు నవ్వింది.

ఆయన నవ్వలే. "పూఛో," అన్నడు. అడగమన్నడు.

అక్క అక్కడనే నిలబడి ఫోన్ల రాసింది. పేరు చెప్తనంటున్నడు, ముందు మీ పేరు చెప్పమంటున్నడు. జవాబు వచ్చేదాక అక్కడనే ఉన్నం. ఆయన భార్య మాకు గ్లాసులల్ల చాయ పోసిచ్చింది. చాయ తాగుతుండంగ ఫోన్ మోగింది. ఒక పేరు. ఆడమనిషి పేరో మొగమనిషి పేరో కూడా మాకు తెల్వలే, నోరు తిరగని పేరు. అక్క చదివింది. ఆయన విని, తన పేరు కూడా పంపమని చెప్పి, కండ్లు మూసుకొని, ఆ పేరును మెల్లగ పలికిండు. అక్క "కాదు కాదు, ఇట్లా" అని దిద్దింది. ఆయన మళ్ళ పలికిండు. ఆమె మళ్ళ దిద్దింది. ఇద్దరూ తప్పే పలుకుతున్నరని నాకు అనుమానం. అయినా ఎవ్వరూ ఆపలే.